అడక్కుండా వచ్చిన పూత

వినాయక చవితి ఇంకా రాకముందే మా ఇంటి చీనీ చెట్టు అడక్కుండానే పూసింది. పొద్దున లేచి తలుపు తీశానో లేదో, ఆ వాసన గడప దగ్గరే కాచుకుని ఉన్నట్టు గబుక్కున మొహం మీద పడింది. మాఘమాసంలో పూయాల్సిన బత్తాయి చెట్టు అది. మా ఆవిడ చేతిలో చెంబు చేతిలోనే ఉండగా నిలబడిపోయి, "ఇదో, చూసినారా! మన చెట్టుకు ఏం వచ్చెనో ఈ పొద్దు, కొమ్మ కనపడకుండా పూసేసింది" అని మురిసిపోయింది. ఎదురింటామె వచ్చి దోసెడు పూలు రాల్చుకుపోయింది. పక్కింటాయన సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపించాడు. పోయిన ఎండాకాలం మా కాలనీ బోరు ఎండిపోతే ఇంకా లోతుకు దించారు, అప్పట్నుంచి కొళాయిల్లో నీళ్లు ధారగా వస్తున్నాయి, ఆ నీళ్ల బలమే ఇదంతా అని ఆయన తేల్చేశాడు. అందరూ అంత సంబరపడుతుంటే నాకు మాత్రం భయమేసింది. చెట్టు దగ్గరికి పోలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. బస్సు కండక్టరుగా బతుకంతా నిలబడే గడిపినవాణ్ణి కాబట్టి, రిటైరయ్యాక నేనెంతసేపు కూర్చున్నా మా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.

పూలను చూసి భయపడే మనిషెవడప్పా అని మీరు నవ్వుకోవచ్చు. మా బావ తోట చూసి ఉంటే నవ్వరు. మా బావంటే మా అక్కను చేసుకున్నాయన. శింగనమల చెరువుకు అవతల, నా బస్సు చివరి స్టాపు నుంచి నడిచిపోయేంత దూరంలో వాళ్ల ఊరు. మధ్యాహ్నం ట్రిప్పులో బస్సు అక్కడ కాసేపు ఆగేది. డ్రైవరు నీడ చూసుకుని తువ్వాలు పరుచుకుంటే నేను టికెట్ల సంచి చంకలో పెట్టుకుని అక్కవాళ్లింటికి పోయి, ఇంత సంగటి, ఇంత ఊరిబిండి తినేసి పరిగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి. బావకు నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, ఓపిక మాత్రం చెనిక్కాయ పొట్టంత. నేను గడప తొక్కగానే "వచ్చినాడమ్మా కండక్టరు దొర! టికెట్ ల్యాకుండా తినేదానికి" అని అరిచేవాడు. అరుస్తూనే ఉట్టి మీదున్న నెయ్యి దించమని అక్కకు సైగ చేసేవాడు.

అందరిలాగే ఆయనా ఏటా చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తేవాడు. విత్తినాక మబ్బుల కోసం, మా మాటలో మోడం కోసం, ఆకాశం చూడటమే పని. రమ్మన్నప్పుడు రాదు, రావద్దన్నప్పుడు వస్తుంది మా వైపు వాన. ఒక ఏడు చేలో ఊడలు దిగే వేళకు చినుకు లేక మొత్తం ఎండిపోతే, ఎండిన చెట్టొకటి పీకి నా ముందర పడేసి అన్నాడు, "మెడ పట్టేసేదాకా మోడం జూసేది ఇంక నా చేత గాదు బామ్మర్దీ. చీనీచెట్లు పెడతా. చెట్టుకైతే ఏరుంటాది. అది కిందికి జూసుకుంటా దాని తిండి అది ఎతుక్కుంటాది. మనం పైకి జూసే పనే ల్యా." అప్పటికే ఆ ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడి ఉన్నాయి. ఇళ్లు కట్టే బేల్దారి పనులకనీ, కాపలా పనులకనీ జనమంతా బెంగళూరు చేరుతున్నారు. బావకు ఆ మాటెత్తితేనే మంట. "తోట నిలబడితే మేమీడ నిలబడతాం. ల్యాకుంటే మేము గూడా ఆ బెంగుళూరు బస్సే. సూస్తాండు" అన్నాడు. ఆయన పందెం కట్టింది డబ్బు కాదు, ఊళ్లో ఉండటాన్ని.

చెట్లు పెట్టిన నేలకు ఊళ్లో ఒక పేరుండేది. సవిటిచెక్క, అంటే చవిటి నేల, అనేవాళ్లు. ఊరికి పల్లంలో, చుట్టూ ఉన్న చేలలో నీళ్లన్నీ దిగి ఆరిపోయే చోటు అది. వెనకటి కాలంలో బట్టలుతికేవాళ్లు ఆ మన్ను గంపల్లో ఎత్తుకుపోయేవాళ్లట. సబ్బుకంటే బాగా మురికి వదిలేదట. మా బావకు ఆ పేరు అవమానంగా ఉండేది. తోట వేసిన రోజునే దాన్ని చీనీతోట అనే పిలవాలని ఊరందరికీ చెప్పాడు. పాత పేరుతో అన్నవాళ్లకు తన ఇంట్లో మజ్జిగ కూడా ఇవ్వనిచ్చేవాడు కాదు. దాంతో మధ్యాహ్నం దాహమైనవాళ్లంతా తెలివిగా కొత్త పేరే వాడేవాళ్లు. ఆయన తల్లి ఒక్కతే లొంగలేదు. అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతూ, "రేయ్, నువ్వు పేరు తుడిసేస్తే ఉప్పు తుడుసుకొని పోతాదా? సవిటిచెక్క సవిటిచెక్కే" అనేది. "నీ నోట్లో మంచి మాటే రాదా మాయమ్మా" అని ఆయన విసుక్కునేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. కొన్నాళ్లకు ఊళ్లో పిల్లలకు ఆ పాత పేరు తెలియకుండానే పోయింది.

మొదట్లో ముసలామె మాట తప్పే అయింది, అది కూడా చెప్పాలి కదా. బోరులో నీళ్లు తియ్యగా ఉండేవి. చెట్లు ఏపుగా వచ్చాయి. నేను సంగటి తిన్నాక తోటలోకి పోతే ఎండ ఎక్కడో బయటే ఆగిపోయేది, ఆకుల మధ్య ఆకుపచ్చటి వెలుగులో చల్లగా ఉండేది. కాయలు పట్టినప్పుడు కొమ్మలు విరిగిపోకుండా బావ కింద పంగలకర్రలు పోటు పెట్టేవాడు. పెట్టి, చుట్టూ తిరిగి, తనే వాటిని పెళ్లికి ముస్తాబు చేసినట్టు మెచ్చుకునేవాడు. అన్నిటికంటే బాగా కాసే ఒక చెట్టు నుంచి చిగురు కన్ను తీసి తనే అంట్లు కట్టేవాడు. ఎక్కడైనా చెట్టు చస్తే ఆ ఖాళీలో పెట్టడానికి గట్టు పక్కన కవర్లలో ఎప్పుడూ కొన్ని అంటు మొక్కలుండేవి. అక్క వాటికి పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు పోసేది. అది అక్క ముఖం తేటగా ఉన్న కాలం. ఆ కాలంలో ఆమె నవ్వు దొడ్లోంచి వీధిలోకి వినపడేది.

తర్వాత వానలు మొహం చాటేశాయి. బోరు తగ్గింది. గంట నడిస్తే ఆగి ఆగి దగ్గేది. మళ్లీ యంత్రం పిలిపించి ఇంకా లోతుకు దించారు. రాయి, రాయి, పొడి, బూడిద, ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్లు తాటిచెట్టంత పైకి లేచాయి. ఆ రోజు నేనూ ఉన్నాను. బావ ఆ నీళ్లలో బట్టలతోనే తడిసి గంతులేశాడు. దోసిట్లో పట్టి తాగి, "అబ్బా, కల్లుప్పు ఏసిన మజ్జిగున్నట్టుండాయి, ఏం రుచి బామ్మర్దీ!" అన్నాడు. నేనూ తాగాను. నాలుక చివర ఏదో కాస్త పట్టుకున్నట్టయింది. ఇంత సంతోషంలో ఆ మాటెందుకులే అనుకునే అవసరం కూడా రాలేదు, ఆ కేకల్లో నాకు నిజంగానే రుచిగా అనిపించింది.

ఆ నీళ్ల సంగతి మొదట తోటకు తెలియలేదు, వంటింటికి తెలిసింది. ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి సంగటి తయారుగా ఉంది, కందిపప్పు మాత్రం ఉడకలేదు. అక్క పొయ్యి ముందు చెమటతో కూర్చుని ఊదుతోంది. "పొద్దున్నుంచి ఉడుకుతానే ఉండాయప్పా. బ్యాళ్లు బ్యాళ్ల మాదిరే ఉండాయి" అంది. బావకు కోపం వచ్చేసింది. అంగడివాడు పాత బ్యాళ్లు అంటగట్టాడని తిట్టి, అంగడి మార్చాడు. ఆ కొత్త అంగడి బ్యాళ్లూ ఉడకలేదు. కదిరి సంతలో మంచివి దొరుకుతాయని అక్కడి నుంచి తెప్పించాడు. అవీ ఉడకలేదు. టీ పెడితే పాలు విరిగాయి. పాలమ్మే ఆమె నీళ్లు కలుపుతోందని ఆమెతో తగువు పెట్టుకున్నాడు. ఊళ్లో కందిబ్యాళ్లమ్మే ప్రతివాడితోనూ ఆయనకు మాటల్లేకుండా పోయాయి. నేను బస్సులో డ్రైవరుకు ఈ కథ చెప్పి కడుపుబ్బ నవ్వించాను. నవ్వు రావాల్సిన సంగతి కాదది, కానీ తప్పు బ్యాళ్లది కాదు, ఉప్పెక్కిన నీళ్లదని మాకేం తెలుసు.

తర్వాత ఆకు కొసలు ఎర్రబడ్డాయి. ముందు కొస, తర్వాత అంచు, అంచు నుంచి లోపలికి. అగ్గిపుల్ల దగ్గరికి పెట్టి వెంటనే తీసేసినట్టుండేది. ఎండకు వాడిందన్నాడు బావ. ఇంకా ఎక్కువ నీళ్లు పెట్టాడు, అదే నీళ్లు. ఎండాకాలం వచ్చేసరికి పాదుల చుట్టూ నేల తెల్లబారింది. పొద్దున పూట చూస్తే సన్నటి పిండి చల్లినట్టు మెరిసేది, చెప్పుతో తొక్కితే అప్పడంలా చిట్లేది. అక్క మెల్లగా పిలుచుకొస్తే ఆయన తల్లి కర్ర ఊతంతో తోటలోకి వచ్చింది. వంగి వేలితో కొంచెం తీసి నాలుకకు రాసుకుంది. ఉమ్మేయలేదు. "నేల పూసిందిరా నాయనా" అని మాత్రం అంది. మా వైపు చవుడు తేలితే అలాగే అంటారు, నేల పూసింది అని. ఎప్పుడూ ఎగతాళిగా అనే మనిషి ఆ రోజు అంత మెత్తగా అంది. బావ తల్లికి ఎదురు చెప్పలేదు. ఆయన ఎదురు చెప్పకపోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత చెయ్యని పని లేదు. జిప్సం బస్తాలు తోలించి చల్లాడు. చెట్ల మధ్య జీలుగ విత్తి పూతకు రాగానే కలియదున్నాడు. ఆముదం చెక్క వేశాడు. పై మన్ను చెక్కి గంపలతో గట్టు అవతల పోయించాడు, మళ్లీ నెల తిరక్కుండా తేలింది. వ్యవసాయం తెలిసిన ఆఫీసరు ఒకాయన వచ్చి, బావ చేస్తున్నదంతా సరైనదే అన్నాడు. మందు వేస్తే సరిపోదు, ఆ ఉప్పును కిందికి దింపడానికి మంచి నీళ్లు కావాలి, గట్టి వాన ఒకటి పడితే వేరు బతుకుతుంది అన్నాడు. ఆయన మోటారు సైకిలు మలుపు తిరిగేదాకా బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తల ఎత్తాడు. ఇంక మోడం చూడను అని చెట్లు పెట్టిన మనిషి, ఆ చెట్ల కోసం మళ్లీ మోడం చూడటం మొదలుపెట్టాడు. అరచెయ్యి కనుబొమల మీద అడ్డం పెట్టుకుని అలా నిలబడి ఉంటే నేను వెనక్కి తిరిగి బస్సు దగ్గరికి నడిచాను.

ఇక్కడ మా చీనీ రైతుల పద్ధతొకటి చెప్పాలి, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కాపు బాగా రావాలంటే చలికాలం మొదట్లో చెట్లకు నీళ్లు ఆపేస్తారు. చెట్టును కావాలనే వాడబెడతారు, దాన్నే వాడు పట్టడం అంటారు. ఆకు ముడుచుకుంటుంది, కొంత రాలుతుంది. అప్పుడు పాదులు తవ్వి, ఎరువు వేసి, నీళ్లు వదిలితే చెట్టు దిగ్గున లేచి పూస్తుంది. కాబట్టి ఆ రోజుల్లో ఆకు వాడితే చీనీ రైతుకు దిగులు కాదు, సంతోషం. ఆ ఏడూ వాన రాలేదు. బావ ఎప్పటిలాగే నీళ్లు ఆపాడు. ఆకు రాలింది. "వాడు బాగా పట్టినాది" అని చేతులు రుద్దుకున్నాడు. మరీ ఎక్కువ రాలింది. "భలే పట్టినాది" అన్నాడు. రాల్చేది దాహం కాదనీ, ఆరిన నేలలో ఉప్పంతా పైకి లేచి వేళ్లను పట్టుకుందనీ ఎవరికీ తట్టలేదు. మా వాళ్లు తప్ప ఇంకెవరైనా అయితే ఆకు రాలుతుంటే ఏడ్చి ఉండేవాళ్లు. మా వాళ్లు పండగకు రోజులు లెక్కపెట్టుకున్నారు.

నీళ్లు ఇంకా వదల్లేదు. పాదులు కూడా తవ్వలేదు. ఒక రోజు బస్సు చెరువు కట్ట ఎక్కుతుండగానే కిటికీలోంచి వాసన కొట్టింది. ఎక్కినవాళ్లంతా "చీనీ పూసిందప్పా" అని ముక్కులు ఎగబీల్చారు. తోటలోకి పోయి చూద్దును కదా, ఆకన్నది లేదు. మోడు మోడుకూ పూలే. ముదురు కొమ్మ, లేత కొమ్మ, కాండం మీద గాయం పడ్డ చోటు, ఎక్కడబడితే అక్కడ గుత్తులు గుత్తులుగా పూలు. పైనంతా తెలుపు, కింద పాదుల్లో తెలుపు. తేనెటీగల రొదకు చెవులు గింగుర్లెత్తాయి. బావ కొత్త పంచె కట్టి తోట మధ్యలో రాళ్ల పొయ్యి మీద గంగమ్మకు పొంగలి పెట్టిస్తున్నాడు. ఊళ్లో మిగిలినవాళ్లంతా వచ్చారు. "ఏం బామ్మర్దీ! సవుడు సవుడని ఏడిసినారే, ఇప్పుడేమంటారు? ఇట్లాంటి పూత నా జల్మలో జూల్యా" అని నన్ను ఎత్తి తిప్పినంత పని చేశాడు. నేనూ సంతోషపడాలని చూశాను. 

అక్క ఆ గుంపులో లేదు. వెతికితే గట్టు దగ్గర అంటు మొక్కల పక్కన కూర్చుని ఉంది. "ఏమక్కా, ఒక్కదానివే ఉన్నావు?" అన్నాను. ఆమె చేతిలో ఉన్న కొమ్మను నా ముందు విరిచింది. టప్పుమని విరిగింది, లోపల పచ్చి లేదు. విరిగిన ఆ కొమ్మ చివర కూడా పూలున్నాయి. "నీళ్లు ఇడవకముందే పూసిందప్పా. మేము అడగనే ల్యా. పోతా పోతా ఉన్నదంతా పెట్టేసి పోతాండాది" అంది. అప్పుడు అర్థమైంది నాకు. నాకు భయమేసింది. అంత మంచి వాసనకు అంత భయపడటం నా బతుకులో అదొక్కసారే అనుకున్నాను, ఇన్నాళ్లూ. "బావకు చెప్పినావా?" అన్నాను. అక్క బావ వైపు చూసింది. ఆయన అందరికీ ఆకుల్లో పొంగలి వడ్డిస్తున్నాడు, గట్టిగా నవ్వుతున్నాడు. "ఈ పూట తిననీప్పా ఆయప్పను" అంది.

పిందెలు రేగ్గాయంత అయ్యాయి. తర్వాత రాలడం మొదలుపెట్టాయి. గట్టు మీద కూర్చుంటే టపటపా చప్పుడు వినపడేదని అక్క చెప్పింది. చిగురు రాలేదు. కొమ్మలు కొస నుంచి కిందికి ఎండుతూ వచ్చాయి. గట్టు మీద ఎవరూ పెట్టని కంపచెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి, అవి మెల్లగా గట్టు దిగి లోపలికి వచ్చాయి. బావ నోరు పడిపోయింది. నేను పోతే టికెట్ మాట కూడా ఎత్తేవాడు కాదు. చెట్లు కొట్టించిన రోజు కట్టెలు ఊరంతా పంచి పెట్టాడు గానీ, తన పొయ్యిలోకి ఒక్క పుల్ల రానివ్వలేదు. ముసలామె ఆ ఏడే పోయింది. తోట పేరు మళ్లీ ఆమె నోట వినలేదు, ఊళ్లోవాళ్లు మాత్రం సవిటిచెక్క అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ మజ్జిగ ఇచ్చేవాళ్లు లేరు కదా.

వాళ్లు ఊరు వదిలింది నా బస్సులోనే. బావ అనంతపురానికి రెండు టికెట్లు అడిగాడు, అక్కడి నుంచి బెంగళూరు బండి. ఆయన నన్ను బామ్మర్దీ అనలేదు, నేనూ బావా అనలేదు, ఎవరో ప్రయాణికుడికి ఇచ్చినట్టు టికెట్లు చింపి ఇచ్చాను. అంతకుమించి మాట్లాడితే ఇద్దరిలో ఒకరం ఏడ్చేవాళ్లం. దిగేటప్పుడు అక్క కొంగు చాటు నుంచి నూనె డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. అందులో అంటు మొక్క. గట్టు పక్కన కవర్లలో మిగిలిన చివరిది. "మీ ఊళ్లో నీళ్లు తియ్యగుంటాయి కదప్పా. ఆడ పెట్టు. ఒగటన్నా ఉండనీ" అంది. మా ఇంటి ముందున్న చీనీ చెట్టు అదే. ఆ తోటలో బతికున్నది అదొక్కటే.

బావ ఇప్పుడు బెంగళూరులో ఒక అపార్టుమెంటులో తోటమాలి. ఎవరివో క్రోటన్లకు ట్యాంకరు నీళ్లు పడుతుంటాడు. నోరు మళ్లీ లేచింది, దేవుడి దయ. ఫోను చేస్తే నా ఆరోగ్యం చివర అడుగుతాడు, చెట్టు సంగతి ముందు అడుగుతాడు. వచ్చే ఏడు ఆ చెట్టు కన్ను తీసి అంట్లు కట్టాలని, ఎక్కడైనా మంచి నేల రెండు సెంట్లు చూడమని పోరుతున్నాడు. ఈ పూత సంగతి ఆయనకు చెప్పకూడదనుకున్నాను. కానీ నిన్న ఫోను మోగితే మా ఆవిడ ఎత్తింది. "అన్నా, మీ చెట్టు ఎట్ల పూసిందనుకున్నావు! కొమ్మ కనపడల్యా" అని మొదలుపెట్టేసింది. నేను గబగబా ఫోను లాక్కున్నాను.    నీళ్లు మానేశావా, పాదు తెల్లబడిందా, ఆకు కొస చూశావా అని అడుగుతాడనుకున్నాను. వాటికేం చెప్పాలో లోపల సిద్ధం చేసుకుంటున్నాను. ఆయన అవేమీ అడగలేదు.

"బామ్మర్దీ" అన్నాడు, చాలా మెల్లగా. "మీ ఇంట్లో బ్యాళ్లు ఉడుకుతాండాయా?"

నేను నోరు తెరిచేలోపే లోపల కుక్కరు ఇంకోసారి కూతేసింది. ఆ వెంటనే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు, "ఎన్ని కూతలు పెట్టినా ఇంతే, ఈ అంగడోడు పాత బ్యాళ్లు ఇస్తాండాడు. రేపట్నుంచి వేరే అంగట్లో తెండి" అని కేకేసింది. అది ఫోనులో బావకూ వినపడింది. ఆయన ఫోను పెట్టేశాడు. వాకిట్లోంచి పూల వాసన గుప్పుగుప్పున వస్తూనే ఉంది. అప్పుడు లేచి చెట్టు దగ్గరికి పోయాను. ఆకు కొసలు చూశాను. ఆ తోట కాలం ఎక్కడో వెనకబడిపోయిందనీ, దాన్ని తలుచుకుంటే తప్ప రాదనీ ఇన్నాళ్లూ అనుకున్నాను గానీ, అది నా పొయ్యి మీదే ఉడక్కుండా కూర్చుని ఉంది.